ఫీజు అర్థమైనవారికి మాత్రమే

"లాయరు ఫీజు ఎంతో తెలుసుకోవడానికి కూడా ముందు ఫీజు కట్టమంటారేమోనే," అన్నాను, ఆటో ఇంకా ఎక్కకముందే.

మా ఝాన్సీ ఎడం చేత్తో చున్నీ సర్దుకుంటూ నవ్వింది. "అమ్మా, నీ భయానికి కూడా ఒక హద్దుండాల. అట్టా యాడన్నా ఉంటదా?"

మా ఆయన వేబ్రిడ్జి దగ్గర కాటా చూస్తారు. లారీ బరువు తప్ప ఇంకేదీ బరువనుకోని మనిషి. "మీ అమ్మ భయపడ్డవాటిల్లో వందకొకటి నిజమైనా మనం ఈపాటికి ఉండేవాళ్ళం కాదే," అన్నారు.

ఆయన మాటా నిజమే. నేను భయపడినట్టు గ్యాసు బండ పేలలేదు, ఫ్యాను ఊడి పడలేదు, ఝాన్సీ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరిననాడు నేను అనుకున్నట్టు కరెంటూ కొట్టలేదు. నేనెప్పుడూ కొండంత భయపడతాను, జరిగేది గులకరాయంత. ఈ లాయరు ఫీజు విషయం ఒక్కదాంట్లోనే నేను తక్కువ భయపడ్డాను. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కరెంటు కొట్టలేదు గానీ, ఐదు నెలల కిందట ప్రాక్టికల్స్‌లో నిచ్చెన జారి ఝాన్సీ కుడి మణికట్టు విరిగింది. మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నిరంజన్ అని కుర్ర డాక్టరు ఆపరేషన్ చేసి, ఎముకకు ప్లేటు వేసి, స్క్రూలు బిగించాడు. ఎముక చక్కగా అతుక్కుంది. బొటనవేలు మాత్రం సరిగ్గా లేవడం మానేసింది. తక్కిన నాలుగు వేళ్ళూ బడికెళ్ళే పిల్లల్లా హాజరు పలుకుతుంటే, అదొక్కటే ముడుచుకుని పడుకుని ఉంటుంది. టెస్టరు పట్టుకోలేదు, వైరు తొక్క తీయలేదు, చొక్కా గుండీ పెట్టుకోలేదు.

పెద్ద ఊరు తీసుకెళ్ళి అక్కడి పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఫోటోలు తీయించి, "స్క్రూ ఏదో ఎముక దాటి వెనకవైపుకు పొడుచుకొచ్చినట్టుందమ్మా. బొటనవేలిని లేపే తాడు లాంటిది ఒకటుంటుంది. దాన్ని అది రాస్తోంది. ఇంకా తెగలేదు. తెగేలోపు తీసేస్తే వేలు బాగుపడుతుంది. తెగితే మాత్రం కష్టం. నెలన్నర, మహా అయితే రెండు నెలలు," అన్నారు.

"అయితే రేపే తీయండయ్యా!"

"తీస్తాను. కానీ లోపల వేసింది ఏ ప్లేటో, ఏ సైజు స్క్రూలో నాకు తెలియాలి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం మూతి. దాని స్క్రూడ్రైవరు దానికే ఉంటుంది. అది లేకుండా చెయ్యి కోశాక తల గోక్కోలేను గదా. ఆపరేషన్ చేసినరోజు రాసిన కాగితం తెండి."

నాకేమీ అర్థం కాలేదు గానీ ఝాన్సీకి వెంటనే అర్థమైంది. "ప్లస్ స్క్రూకి మైనస్ డ్రైవరు పెడితే తల అరిగిపోద్దమ్మా. ఇంక చచ్చినా రాదు," అంది. ఐటీఐ చదువు వృథా పోలేదు.

కావలసింది ఒక్క కాగితం. దానికోసం మా ఊరి ఆసుపత్రికి వెళ్తే, కౌంటరులో అమ్మాయి పై అంతస్తు చూపించింది. పై అంతస్తులో 'న్యాయ విభాగం' అని బోర్డు. ఆసుపత్రిలో ఎముకల విభాగానికి ఒక గది ఉంటే దీనికి మూడు గదులున్నాయి.

"కేసు వేయబోతున్నారా?" అని అడిగాడు అక్కడి ఆఫీసరు.

"లేదయ్యా. కాగితం కావాల."

"కాగితం అడిగారంటే వేయబోతున్నట్టే. వేయబోయేవారు వకీలు ద్వారా అడగాలి."

"వేయను బాబూ, ఒట్టు."

"వేయనివారికి కాగితంతో పనేముందమ్మా?"

నిరంజన్ డాక్టరును అడుగుదామంటే, మమ్మల్ని చూడగానే వరండాలో దారి మార్చుకుని వెళ్ళిపోయాడు. మాట్లాడవద్దని ఆయనకు ఉత్తర్వు ఉందట.

అందుకే ఆ రోజు ఆటో ఎక్కింది. లాయరు పానకాలరావు గారు కోర్టు వీధిలో ఉంటారు. మంచాయన. వెళ్ళగానే మజ్జిగ ఇప్పించారు. చల్లగా ఉంది గానీ, తాగితే దాన్నీ బిల్లులో వేస్తారేమోనని నేను గ్లాసు ముట్టలేదు. ఝాన్సీ తనదీ నాదీ తాగింది.

అంతా విని ఆయన, "ఒక్క ఉత్తరంతో అయిపోయే పని," అన్నారు.

"అయితే రాయండయ్యా. మీ ఫీజెంత?"

ఆ మాట వినగానే ఆయన ముఖం మారిపోయింది. లేచి తలుపు దగ్గరగా వేసి, కిటికీలోంచి వీధి చూసి వచ్చి కూర్చున్నారు. "నేను చెప్పకూడదమ్మా."

"మీ ఫీజు మీరు చెప్పకూడదా!"

"వైద్య నిర్లక్ష్యం కేసుల్లో చెప్పకూడదు. న్యాయ ఫీజుల అవగాహన మండలి అని ఈమధ్య జిల్లాకొకటి వచ్చింది. ఎవరో కక్షిదారు అర్జీ పెట్టుకున్నాడు, లాయరు ఫీజు చెప్పాడు గానీ ఖర్చులు వేరే ఉంటాయని చెప్పలేదు, ఇది బిర్యానీ ధర చెప్పి విస్తరికి వేరే వసూలు చేసినట్టుందీ అని. న్యాయమే గదా. దాంతో మండలి ఉత్తర్వు వేసింది. ఫీజులు, ఖర్చులు పూర్తిగా అర్థమైనట్టు ధ్రువపత్రం ఉన్నవాళ్ళ దగ్గరే వకాలతు తీసుకోవాల. ఆ అర్థమయ్యేట్టు చెప్పే పని లాయర్లు చేయకూడదు. మాకు స్వప్రయోజనం ఉంది గదా! మండలి అవగాహనాధికారే చెప్పాల."

"వకాలతు లేకుండా ఉత్తరం..."

"రాస్తే నా సన్నదు, అదే లాయరు లైసెన్సు, పోద్దమ్మా. పదిహేను క్లాసులు. ఆ పైన పరీక్ష."

"క్లాసులకు డబ్బులేమన్నా కట్టాలా అయ్యా?" అని అడిగాను.

ఆయన సమాధానం చెప్పలేదు. చెప్పకూడదు గదా. ఐదు వేళ్ళు చూపించి, పక్కన గాల్లో రెండు సున్నాలు చుట్టారు.

ఝాన్సీ నావైపు చూసింది. ఆ చూపుతో ఆటో దగ్గర నవ్విన నవ్వు వెనక్కి తీసుకుంది.

మండలి కార్యాలయం సహకార బ్యాంకు మేడమీద ఉంది. చేరేటప్పుడు బాధితురాలు బొటనవేలి ముద్ర వేయాలట. సంతకం చెల్లదు, సంతకం పెట్టేవాళ్ళకు చదువొచ్చు కాబట్టి అర్థమైందని పొరపడే ప్రమాదం ఉందట. ఝాన్సీ వేలు మిషను మీద పెట్టింది. మిషను ఆడగొంతుతో పలికింది: "దయచేసి వేలు పైకెత్తండి. మళ్ళీ పెట్టండి."

వేలు మిషను ఒప్పుకునేంత లేస్తే గదా.

"ఎత్తమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఎత్తలేనండి."

"ఎత్తలేకపోవడమేంటి? బొటనవేలు ఎత్తడానికి కూడా బద్ధకమా?"

"అదేనయ్యా కేసు!" అన్నాను.

గుమాస్తా వెంటనే చెవులు మూసుకున్నాడు. "కేసు విషయాలు ఇక్కడ మాట్లాడరాదమ్మా. ఇక్కడ ఫీజుల విషయం మాత్రమే."

ఝాన్సీ ఎడం చేత్తో కుడి బొటనవేలిని పట్టుకుని లేపబోయింది. ఇతరుల సహాయం తీసుకోకూడదన్నాడు. అది తన చెయ్యేనని చెబితే, రెండో చెయ్యి దరఖాస్తులో నమోదు కాలేదన్నాడు. చివరికి వేలు లేవనందున తన తరఫున తల్లి అర్థం చేసుకొనుటకు అభ్యంతరం లేదని రాయించుకున్నారు. ఆ కాగితం కింద మళ్ళీ వేలిముద్ర కావాలన్నారు. ఆ రోజు నాలుగింటికి ఇంకుపెట్టె తెప్పించారు.

నాకు మెడలో వేసుకునే అట్టముక్క ఇచ్చారు. దానిమీద 'కాబోయే ఫిర్యాది' అని అచ్చు వేసి ఉంది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత బల్ల మీద కూర్చోవడం మళ్ళీ ఇప్పుడే. అవగాహనాధికారి పేరు ఆంజనేయప్రసాద్. ఉత్తర్వును చదివినట్టే మాట్లాడతాడు. మంచినీళ్ళడిగినా, "సదరు మంచినీరు ఇందుమూలముగా తెప్పించబడవలెను," అంటాడు.

"ఫీజు అనగా," అని మొదలుపెట్టాడు, "వకీలు చేసే పనికి ప్రతిఫలము. ఖర్చు అనగా ఆ పని జరుగుటకు అగు వ్యయము. పని జరగకపోయినను ఖర్చు జరుగును. గెలిచినచో వచ్చు పరిహారములో వకీలు వాటా అడుగరాదు. కావున ముందే తీసుకొనును. ఓడినచో ఖర్చులు కక్షిదారువే. గెలిచినను ఖర్చులు కక్షిదారువే, కాకపోతే సంతోషముగా భరించును. నిపుణుడైన వైద్యుని అభిప్రాయము, నకళ్ళు, స్టాంపులు, రాకపోకలు, ఇవన్నియు ఖర్చులు. రాసుకొనుడి."

రాసుకున్నాను. రాసుకుంటుంటే ఒక భయం పట్టుకుంది. చెయ్యెత్తాను.

"అయ్యా, ఈ క్లాసుకు మేము కట్టిన ఐదొందలు ఫీజా, ఖర్చా?"

ఆయన చేతిలోని సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. నోట్సు తిరగేశాడు. ఉత్తర్వు తిరగేశాడు. ఉత్తర్వు అట్ట వెనక కూడా చూశాడు. "ఇది విధానపరమైన ప్రశ్న," అన్నాడు. క్లాసు నిలిపేశారు. ప్రశ్నను రాష్ట్ర కార్యాలయానికి పంపారు. ఫీజయితే ఒక రంగు రసీదు, ఖర్చయితే ఇంకో రంగు రసీదు, రంగు తేలేదాకా రసీదు లేదు, రసీదు లేనిదే హాజరు లేదు.

జవాబు పన్నెండు రోజులకు వచ్చింది. 'సదరు మొత్తము చెల్లించువరకు ఫీజు. చెల్లించిన పిదప ఖర్చు.'

పన్నెండు రోజులు! నోరు మూసుకుని కూర్చోవలసిందని తల గోడకేసి కొట్టుకున్నాను. రోజూ పొద్దున్నే ఝాన్సీ చెయ్యి బల్లమీద పెట్టించి, బొటనవేలు ఎంత లేస్తుందో చూడడం నాకు అలవాటు. మొదట్లో అగ్గిపెట్టె పడుకోబెడితే దానంత ఎత్తు లేచేది. ఆ పన్నెండు రోజులు గడిచేసరికి చింతగింజంత లేస్తోంది.

"రోజూ కొలవబాకమ్మా," అంది ఝాన్సీ. "అదేమన్నా పాల చెంబా, పొంగుద్దేమోనని చూస్తానికి?"

క్లాసులు మళ్ళీ మొదలైన రోజు నా బల్ల మీద, నా పక్కనే ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మెడలో అట్టముక్క: 'కాబోయే ప్రతివాది'.

నిరంజన్ డాక్టరు.

ఆయనా లాయరును పెట్టుకోవాలి గదా! ఆయన లాయరుకూ ఫీజుంటుంది, ఖర్చులుంటాయి, ఆయనకూ అవి అర్థం కావాలి. చట్టం ముందు అందరూ సమానమే కాబట్టి ఒకే కేసుకు సంబంధించినవాళ్ళను ఒకే బల్లమీద కూర్చోబెట్టాలని ఉత్తర్వులో ఉందట. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు కేసు గురించి మాట్లాడరాదనీ ఉంది. గోడ మీద పెద్ద బోర్డు: 'ఉభయపక్షములు మౌనము పాటించవలెను'.

ఆసుపత్రి న్యాయ విభాగం ఆయనకు ఇంకా గట్టిగా చెప్పినట్టుంది. నమస్కారం పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని చెప్పారో ఏమో, నన్ను చూసి చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు. దగ్గరగా చూస్తే కుర్రాడే. ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. గోళ్ళు కొరుక్కుని కొరుక్కుని ఉన్నాడు. ఈయన చేతులేనా నా బిడ్డ చెయ్యి కోసింది అనిపించి, ఆ చేతులవంక చూడకూడదనుకుంటూ రోజంతా వాటినే చూశాను.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు. ఆయన తెచ్చుకోలేదు. నాకు ఆయనకు అన్నం పెట్టబుద్ధి కాలేదు. పక్కన ఒక మనిషి పస్తుంటే తినబుద్ధీ కాలేదు. డబ్బా మూతలో నాలుగు ముద్దల గోంగూరన్నం పెట్టి, ఆయనవైపు చూడకుండా జరిపాను. ఆయనా నావైపు చూడకుండా తిన్నాడు. మౌనం ఎవరమూ తప్పలేదు.

ఆంజనేయప్రసాద్ గారు మాత్రం చూసి పుస్తకంలో రాసుకున్నారు. 'ఫిర్యాది ప్రతివాదికి అన్నము పెట్టుట. ఇది ఏ పద్దు కిందకు వచ్చును?' మళ్ళీ పైకి పంపుతారేమోనని నా ప్రాణం పోయింది. "అయ్యా, అది పడేద్దామనుకున్న అన్నం," అని అబద్ధమాడాను. "వ్యర్థము," అని రాసి సంతకం చేశారు. పక్కన డాక్టరుకు పొలమారింది.

అట్లా పద్నాలుగు రోజులు. లెక్కలు డాక్టరుకు బొత్తిగా ఎక్కవు. అన్నేళ్ళు చదివిన మనిషి, దావా దశలో ఎంత, సాక్ష్యం దశలో ఎంత, వాదన దశలో ఎంత అని కూడబెట్టమంటే మూడుసార్లు మూడు మొత్తాలు వేశాడు. నేను నా నోటుపుస్తకం ఆయనకు కనిపించేట్టు కాస్త ఇటు తిప్పి పెట్టేదాన్ని. ఎందుకంటే నాకొక భయం. ఆయన తప్పితే, కలిసి కూర్చున్నందుకు నన్నూ తప్పిస్తారేమోనని!

పరీక్షలో పెద్ద ప్రశ్న ఒకటే, యాభై మార్కులకు. 'వైద్య నిర్లక్ష్యము కేసులో తలెత్తగల ఊహించని ఖర్చులు పది రాయుము.'

ఊహించనివా? నేను పుట్టింది అందుకే. వాయిదా నాడు బస్సు చెడిపోతే ఇంకో బస్సు. ఆ బస్సూ చెడిపోతే ఆటో. అభిప్రాయం చెప్పే నిపుణుడైన డాక్టరు ఏసీ కారు లేనిదే రానంటే కారు. దారిలో ఆయనకు కారు పడకపోతే మాత్రలు. సాక్ష్యం చెప్పకముందే ఆయన పోతే పూలదండ, ఇంకో నిపుణుడు. జడ్జిగారికి బదిలీ అయితే కొత్త జడ్జిగారికి మొదటినుంచీ అన్నీ నకళ్ళు. నకళ్ళు ఎలుక కొరికితే మళ్ళీ నకళ్ళు. ఎలుకే కొరికిందని అఫిడవిట్టు... అదనపు కాగితాలు నాలుగు తీసుకున్నాను. ఇంకా ఇవ్వనన్నారు గానీ, కాగితాలు అయిపోవడం కూడా ఊహించని ఖర్చేనని మార్జినులో రాశాను.

డాక్టరు కాగితం వంక ఓరగా చూశాను. ఆ ప్రశ్న కింద తెల్లగా ఉంది. మధ్యలో ఒక్క మాట రాసుకున్నాడు: 'ఊహించలేదు.'

ఫలితాలు వారానికి వచ్చాయి. నూటికి తొంభై ఎనిమిది మార్కులతో జిల్లాకు నేనే మొదటిదాన్ని. శాలువా కప్పారు. చేతిలో అరటిపండ్ల హస్తం పెట్టారు. మా ఆయన కాటా దగ్గర సెలవు పెట్టి మరీ వచ్చి, "భయం కూడా ఒక విద్యేనని ఇన్నాళ్ళూ తెలీదే," అని చప్పట్లు కొట్టారు. డాక్టరు తప్పాడు. 'ఊహించలేదు' అన్నది సరైన జవాబే అవుతుందేమోనని పరీక్షకులు ఒక పూటంతా తర్జనభర్జన పడి, పది రాయమంటే ఒకటే రాశాడు కాబట్టి సున్నా వేశారట.

ఇక మిగిలింది మౌఖిక పరీక్ష, ఆ తర్వాత ధ్రువపత్రం. ఆ పొద్దున ఝాన్సీ వేలు పోస్టుకార్డు మందం లేచింది. పెద్ద డాక్టరు చెప్పిన రెండు నెలల్లో ఇంక తొమ్మిది రోజులున్నాయి. పానకాలరావు గారు ఉత్తరం ముసాయిదా రాసి, తేదీ ఒక్కటీ ఖాళీగా ఉంచి, సొరుగులో పెట్టుకుని కూర్చున్నారు.

లోపల ముగ్గురు. నడుమ మండలి అధ్యక్షులు, కుడిపక్క ఆంజనేయప్రసాద్ గారు, ఎడంపక్క ఎవరో నిద్రపోతున్నారు.

"శ్రీమతి మస్తానమ్మ గారూ," అన్నారు అధ్యక్షులు, "మీకు ఫీజులు, ఖర్చులు సంపూర్ణముగా అర్థమైనవా?"

"అయినాయండి."

"ఎంత కాలము పట్టవచ్చును?"

"నాలుగేళ్ళు. పైకి వెళ్తే ఎనిమిది."

"ఎంత కావచ్చును?"

"వచ్చేదానికన్నా ఎక్కువండి."

"భేష్! ఇంత స్పష్టముగా మా సిబ్బందికి కూడా అర్థము కాలేదు. చివరి ప్రశ్న. మీరు కేసు వేయుదురా?"

"వేస్తానండి."

అధ్యక్షులు కళ్ళజోడు తీశారు. "అయితే మీకు అర్థము కాలేదు."

"తొంభై ఎనిమిది వచ్చినాయి గదండీ!"

"అర్థమైన వారు వేయరు. వేయుచున్నారు అనగా అర్థము కాలేదు. అర్థము కానిదే ధ్రువపత్రము ఇవ్వరాదు. ఉత్తర్వు సుస్పష్టము."

"పోనీ, వేయనంటే?"

"తక్షణమే ఇత్తుము."

"వేయకపోతే నాకు ధ్రువపత్రం దేనికయ్యా?"

"ఫ్రేము కట్టించుకొనవచ్చును," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు.

"మరి ఇంతవరకు ఎవరికిచ్చారయ్యా?" అని అడిగాను.

అధ్యక్షుల ముఖం వెలిగింది. గోడమీది పటం చూపించారు. "నూట పన్నెండు మందికి. అందులో ఒక్కరును కేసు వేయలేదు! నిరుడు ఈ జిల్లాలో వైద్య నిర్లక్ష్యము కేసులు ముప్పై ఒకటి. ఈ ఏడు సున్నా. అనగా జిల్లాలో వైద్యుల నిర్లక్ష్యము సమూలముగా నిర్మూలింపబడినది. వచ్చే నెల మాకు పురస్కారము ఇవ్వబోవుచున్నారు."

"మరి మా అమ్మాయి వేలు?"

ఆయన పటంలో వెతికారు. నిజంగానే వెతికారు. ఆ ముక్క చెప్పకపోతే పాపం. "అది ఇందులో లేదమ్మా," అన్నారు.

ఎడంపక్క ఆయన ఆ మాటకు మెలకువ వచ్చి, "తరువాతి బ్యాచి సోమవారం," అని మళ్ళీ నిద్రపోయారు.

శాలువా మడిచి చంకలో పెట్టుకుని బయటకు వచ్చాను. శాలువా వెనక్కి అడుగుతారేమోనన్న భయం కూడా వేయలేదు. అంటే చూడండి, నా పరిస్థితి ఎట్లా ఉందో.

వరండాలో తరువాతి బ్యాచికి పేర్లు రాయించుకునేవాళ్ళ బల్ల ఒకటుంది. దాని మీద నిరంజన్ డాక్టరు కూర్చుని ఉన్నాడు, తప్పినవాడు గదా. ఆ చివర ఝాన్సీ కూర్చుంది. నేను మధ్యలో కూలబడ్డాను. ఫస్టు వచ్చినదాన్నీ, తప్పినవాణ్ణీ ఒకే బల్లమీదకు తెచ్చింది మండలి. ఎదురుగా గోడమీద అదే బోర్డు, మౌనము పాటించవలెను అని. టోకెను పిలిచే గుమాస్తా టీకి వెళ్ళాడు.

"ఏమైందమ్మా?" అంది ఝాన్సీ.

"నాకు అర్థం కాలేదంట."

అది నా ముఖం చూసి, కుడి చెయ్యి తీసి బల్లమీద, నా పక్కన ఖాళీలో పెట్టింది. బొటనవేలు లేపబోయింది. నాలుగు వేళ్ళూ బిగుసుకున్నాయి, మణికట్టు దగ్గర మచ్చ తెల్లబడింది. వేలు లేవలేదు.

డాక్టరు ఆ చేతివంక చూస్తున్నాడు. ఇన్ని రోజుల్లో ఆయన ఆ చెయ్యి చూడడం అదే మొదటిసారి. దారి మార్చుకోవడానికి అక్కడ రెండో దారి లేదు.

అప్పుడు నాకొకటి తట్టింది. న్యాయ విభాగం, వకాలతు, ధ్రువపత్రం, నాలుగేళ్ళూ ఎనిమిదేళ్ళూ, ఇవన్నీ కలిపి ఒక ప్రశ్నను ఒక మనిషి దగ్గరికి చేర్చడానికి. ఆ మనిషి పద్నాలుగు రోజులు నా మోచేతికి జానెడు దూరంలో కూర్చుని నా గోంగూరన్నం తిన్నాడు.

"బాబూ," అన్నాను. "కేసు సంగతి తర్వాత. వేయనని నీకు మాటివ్వను, నేను అబద్ధమాడితే ఆ పైవాడు ఊరుకోడు. పెద్ద డాక్టరు చెప్పిన గడువుకు ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ ప్లేటేందో, ఆ స్క్రూలేందో తెలిస్తే తీస్తానంటున్నాడు. కాగితం మీ వాళ్ళు ఇవ్వరు. నువ్వు బిగించినవే గదయ్యా. నీకు తెలుసు గదా. మా పిల్ల చేతిలో ఏం పెట్టావు బాబూ?"



తలకాయ పైన ఫ్యాను తిరుగుతోంది. లోపల అధ్యక్షులు పురస్కారానికి పంపాల్సిన ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడాలో చెబుతున్నారు. డాక్టరు గోరు కొరకబోయి, చెయ్యి దించుకున్నాడు. మెడలో అట్టముక్క తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి నామీద ఫిర్యాదు చేస్తాడేమో. నన్ను ఇంక ఏ బ్యాచిలోనూ చేర్చుకోరేమో. మౌనం తప్పినందుకు ఝాన్సీని ఐటీఐలోంచి తీసేస్తారేమో. ఒక్కొక్క భయమే వచ్చి నా పక్కన కూర్చుంది, బల్లమీద చోటు చాలనంతగా. గుమాస్తా టీ తాగి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, బోర్డు చూశాడు, కుర్చీలో కూర్చున్నాడు. ఝాన్సీ చెయ్యి తీయలేదు. ఒక టోకెను పిలిచారు. ఇంకొకటి పిలిచారు. మూడోది ఆయనదే. పిలిచినా లేవలేదు.

"నోటుపుస్తకం తీయండమ్మా," అన్నాడు, నావైపు కాదు, ఆ చేతివైపే చూస్తూ. "పై వరసలో మూడో స్క్రూ. పొడవు పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉండాల్సింది, ఇరవై రెండు పెట్టాను. పద్దెనిమిది ఆ రోజు డబ్బాలో లేదు. పెట్టేటప్పుడే తెలుసు నాకు. తీయడానికి ఆరు మూలల మూతి డ్రైవరు కావాలి. కంపెనీ పేరు కూడా చెప్తాను, రాసుకోండి."